రెండు చెట్ల నడుమ పెద్ద ఉయ్యాల కట్టే పద్ధతి

ఉయ్యాల తాడు సాధారణంగా మధ్యలో తెగదు. చేతులతో పట్టుకునే చోట, అందరికీ కనిపించే చోట అది ఏళ్ల తరబడి గట్టిగానే ఉంటుంది. పైన కొమ్మకు కట్టిన చోట, ఆకుల చాటున ఎవరూ చూడని నాలుగు అంగుళాల మేర అరిగి, అక్కడ తెగుతుంది. హైదరాబాద్ శివార్లలోని మొయినాబాద్ దగ్గర మా కుటుంబానికి ఉన్న చిన్న తోటలో పన్నెండేళ్ల కిందట అట్లతద్దికి కట్టిన ఉయ్యాల మీది నుంచి మా మేనకోడలు పడి, ఎడమ చేతి మణికట్టు విరగ్గొట్టుకుంది. బజారులో దొరికే నీలం రంగు ప్లాస్టిక్ తాడును వేప కొమ్మకు నేరుగా చుట్టి ముడి వేసింది నేనే. తరవాత విప్పి చూస్తే కింది భాగమంతా కొత్త తాడులాగే ఉంది, పై భాగం మాత్రం బెరడు మీద ఒరుసుకుని పీచుపీచుగా విడిపోయి ఉంది. అప్పటి నుంచి ప్రతి ఏడూ ఆ తోటలో ఉయ్యాల కడుతూనే ఉన్నాను. అయితే పని మొత్తాన్నీ పై నుంచి మొదలుపెట్టి ఆలోచించడం అలవాటు చేసుకున్నాను.

ఇక్కడ వివరిస్తున్నది వసారాలో వేలాడదీసే పిల్లల ఉయ్యాల కాదు. ఒకదానికొకటి 26 అడుగుల దూరంలో ఉన్న రెండు పెద్ద చెట్లకు, నేల నుంచి 26 అడుగుల ఎత్తున తాళ్లు కట్టి, ఆ తాళ్ల నడుమ పీటను వేలాడదీసే ఉయ్యాల. పీట నేలకు 2 అడుగుల ఎత్తున ఉంటే ఊగే పొడవు 24 అడుగులవుతుంది. ఇంత పొడవున్న ఉయ్యాల ఒకసారి ముందుకు వెళ్లి తిరిగి వెనక్కి రావడానికి సుమారు 5.4 సెకన్లు పడుతుంది. కూర్చున్నవారు పసివారైనా పెద్దవారైనా ఆ కాలం ఇంచుమించు మారదు. నిలువు నుంచి 45 డిగ్రీల దాకా ఊగితే, నేలకు అతి దగ్గరగా వచ్చే క్షణంలో వేగం గంటకు 23 కిలోమీటర్లకు చేరుతుంది. 60 డిగ్రీల దాకా ఊగితే 30 దాటుతుంది. వేగంతోపాటు తాళ్ల మీద భారం కూడా పెరుగుతుంది. ఆ కింది బిందువు దగ్గర 45 డిగ్రీల ఊపు మనిషి బరువును 1.6 రెట్లు చేస్తే, 60 డిగ్రీల ఊపు సరిగ్గా 2 రెట్లు చేస్తుంది. అందుకే ఈ ఉయ్యాలకు 45 డిగ్రీలే హద్దు అని ముందే నిర్ణయించుకుని, మిగతా కొలతలన్నీ దాన్ని బట్టి వేసుకోవాలి.

బిగించిన తాడే ప్రమాదం

రెండు చెట్ల నడుమ ఒక తాడును వీణ తీగలాగా బిగించి కట్టి, దాని మధ్య నుంచి ఉయ్యాల దింపడం చాలామందికి సహజంగా తట్టే పద్ధతి. తాడు ఎంత బిగువుగా ఉంటే అంత గట్టిదన్న నమ్మకమే దానికి మూలం, కానీ వాస్తవం దానికి పూర్తిగా విరుద్ధం. ఇద్దరు మనుషులు ఒక తాడు రెండు కొసలు పట్టుకుని, దాని నడుమ నిండు బిందెను వేలాడదీసి చూస్తే ఈ సంగతి వెంటనే తెలుస్తుంది. ఇద్దరూ దగ్గరగా నిలబడితే బిందె సులువుగా లేస్తుంది; దూరం జరుగుతూ తాడును చదును చేయబోతే, ఎంత బలమున్నవారికైనా చేతులు లాగేసి, తాడు పూర్తిగా చదును కావడం మాత్రం ఎప్పటికీ జరగదు.

దీనిని అంకెల్లో చెప్పుకోవచ్చు. 100 కిలోల మనిషి, 45 డిగ్రీల ఊపు, పీట బరువు, చిన్నచిన్న కుదుపులు అన్నీ కలిపి మధ్యన 250 కిలోల భారం పడుతుందని పెద్ద మనసుతో లెక్క వేసుకుందాం. తాడు అడ్డగీతకు 45 డిగ్రీల వాలుతో దిగి వస్తే ఒక్కో పక్క తాడు మీద సుమారు 177 కిలోల లాగుడు ఉంటుంది. వాలు 30 డిగ్రీలైతే 250 కిలోలు, 10 డిగ్రీలైతే 720 కిలోలు, 5 డిగ్రీలకు తగ్గితే 1,430 కిలోలు దాటుతుంది. అదే మనిషి, అదే ఊపు, అదే తాడు. కట్టిన తీరు మారినందుకే లాగుడు ఎనిమిది రెట్లయింది. ఆ లాగుడంతా చెట్లను ఒకదాని వైపు ఒకటి వంచుతుంది కనుక వేళ్ల మీద కూడా అంత భారమూ పడుతుంది. పైగా గాలికి రెండు చెట్లు రెండు తీరులుగా ఊగుతాయి; బిగించిన తాడుకు ఆ కదలికను సర్దుకునే వీలు ఉండదు.

కనుక పాటించవలసిన కొలత ఒక్కటే: చెట్ల నడుమ దూరంలో సగం ఎంతో, తాళ్లను చెట్లకు కట్టిన ఎత్తు నుంచి అవి కలిసే రింగు అంత కిందికి దిగాలి. మన ఉదాహరణలో దూరం 26 అడుగులు కనుక రింగు 13 అడుగులు కిందికి దిగి, నేలకు 13 అడుగుల ఎత్తున వేలాడుతుంది. ఒక్కో పక్క తాడు ముడులకు వదిలేది కాక 18 అడుగుల 5 అంగుళాలు ఉంటుంది. రింగు నుంచి పీట దాకా 11 అడుగుల తాళ్లు వస్తాయి. ఈ కొలతలో నాకు ఎంతో నచ్చే గుణం ఇంకొకటి ఉంది. ఉయ్యాల ముందుకూ వెనక్కీ ఊగేటప్పుడు పై తాళ్లతో సహా మొత్తం కదులుతుంది కాబట్టి 24 అడుగుల నిండు ఊపు దొరుకుతుంది. పక్కకు ఊగితే మాత్రం రింగు నుంచి కింది 11 అడుగులే కదులుతాయి; చెట్టు బోదె 13 అడుగుల దూరంలో ఉంది కనుక పీట బోదె దాకా చేరలేదు. అయినా కాళ్లు చాపుకున్న మనిషిని మనసులో పెట్టుకుని, పక్కకు ఎవరూ తోయకూడదన్న నియమం ఉండి తీరాలి.

ఏ చెట్టును నమ్మవచ్చు

హైదరాబాద్ చుట్టుపక్కల నేల చాలా చోట్ల పలుచని ఎర్రమట్టి, దాని కింద గట్టి రాయి. వేళ్లు లోతుకు దిగలేక పక్కలకు పాకుతాయి. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలివానలకు నగరంలో పెద్దపెద్ద చెట్లు వేళ్లతో సహా పడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. అందువల్ల చెట్టు పేరు కన్నా ముందు దాని మొదలును చూడాలి. మొదలు చుట్టూ సిమెంటు పోసి ఉన్నా, ఒక పక్క పైపుల కోసం కందకం తవ్వి వేళ్లు నరికి ఉన్నా, చెట్టు వాలిన వైపుకు ఎదురుగా నేల పగిలి ఉన్నా ఆ చెట్టును వదిలివేయాలి. మొదట్లో పుట్టగొడుగులు, చెదపుట్ట, బోదెలో తొర్ర, పైన ఎండిన కొమ్మలు కూడా అంతే. చెక్క సుత్తితో బోదె చుట్టూ తట్టి చూస్తే గట్టి చెట్టు మొద్దు శబ్దం చేస్తుంది. డప్పులాగా మోగితే లోపల గుల్ల ఉన్నట్టు.

చింత అన్నిటికన్నా ఉత్తమమని నా అభిప్రాయం. దాని కొమ్మ వంగుతుంది కానీ అంత సులువుగా విరగదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద ముంచెత్తినప్పుడు అఫ్జల్‌గంజ్ తోటలోని ఒక చింతచెట్టు కొమ్మలు పట్టుకుని దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని ఈ నగరం నేటికీ చెప్పుకుంటుంది. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. చింత తరవాత ముదురు వేప, మర్రి, నేరేడు మంచివి. వేపను మాత్రం ఇప్పుడు మరింత జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే 2021 చివర్లో తెలంగాణ అంతటా వేపచెట్లకు చిగుళ్ల నుంచి కిందికి ఎండిపోయే తెగులు వచ్చింది. చాలా చెట్లు కోలుకున్నా, అప్పుడు చచ్చిన కొమ్మలు కొన్నిటిలో అలాగే మిగిలి ఉన్నాయి. గుల్‌మొహర్, పచ్చ తురాయి, సుబాబుల్, నీలగిరి చెట్లు ఎంత ఎత్తుగా, ఎంత అందంగా ఉన్నా వీటికి ఉయ్యాల కట్టకూడదు. మునగ సంగతి మన సామెతే చెబుతుంది.

రొమ్ము ఎత్తున బోదె చుట్టుకొలత కనీసం 5 అడుగులు, తాడు కట్టే ఎత్తులో కనీసం 3 అడుగులు ఉండాలి. చెట్లు రెండూ మీ సొంత స్థలంలోవై ఉండాలి. పార్కుల్లో, రోడ్ల పక్కన ఈ పని తగదు. సొంత చెట్టైనా సరే, అడ్డొచ్చిందని పెద్ద కొమ్మను నరికే ముందు నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి అవసరమా అని అడిగి తెలుసుకోవాలి. ఊగే దారికీ, చెట్ల కొమ్మలకూ దగ్గరలో కరెంటు తీగలు, ముఖ్యంగా 11 కేవీ (11 వేల వోల్టుల) తీగలు ఉంటే ఆ స్థలం గురించి ఇక ఆలోచించనవసరం లేదు.

తాడు, ఇనుప సామాను

నూతి చేంతాడు, కొబ్బరి మోకు చూడటానికి ముచ్చటగా ఉంటాయి, చేతికి కూడా హాయిగా ఉంటాయి. కానీ తడిసి ఆరే కొద్దీ లోపలి నుంచి కుళ్లుతాయి, ఆ కుళ్లు బయటకు కనిపించదు. నీలం, ఆకుపచ్చ ప్లాస్టిక్ తాడు మన ఎండకు పెళుసెక్కిపోతుంది. నైలాన్ తాడు బలమైనదే అయినా బాగా సాగుతుంది, తడిస్తే బలం కొంత కోల్పోతుంది. ఈ పనికి తగినది 16 మిల్లీమీటర్ల పాలిస్టర్ తాడు. ఎండను బాగా తట్టుకుంటుంది, సాగుడు తక్కువ. తయారీదారు తెలిపే తెగే బరువు 4,000 కిలోలకు తగ్గని తాడునే అడిగి తీసుకోవాలి. ఏ ముడి వేసినా తాడు బలం సగం దాకా తగ్గవచ్చు కనుక 2,000 కిలోలే ఉందనుకుంటే, 177 కిలోల లాగుడుకు అది 11 రెట్లు. మనుషుల ప్రాణం వేలాడే చోట 10 రెట్లకు తక్కువ పనికిరాదు. అయినా ఒక్కో పక్కకు రెండేసి తాళ్లు వేయాలని పట్టుబడతాను, ఎందుకంటే ఒక పక్క తాడు తెగితే మనిషి నేల మీద పడటమే కాదు, రెండో చెట్టు వైపు విసురుగా వెళతాడు.

చెట్టుకు తాడును నేరుగా కట్టకూడదన్నదే ఈ మొత్తం పనిలో అసలు సూత్రం. బెరడు కిందనే చెట్టుకు ఆహారం మోసే పలుచని పొర ఉంటుంది. సన్నని తాడు దాన్ని కోసేస్తే చెట్టు అక్కడి నుంచి చచ్చిపోతుంది. తాడు కూడా బెరడు మీద ఒరుసుకుని అరుగుతుంది. క్రేన్లతో బరువులెత్తడానికి వాడే వెడల్పాటి పాలిస్టర్ బెల్టులు ఇక్కడ అక్కరకొస్తాయి. వీటికి రంగుల గుర్తు ఉంది: ఊదా రంగు 1 టన్ను, ఆకుపచ్చ 2 టన్నులు, పసుపు 3 టన్నులు. ఆకుపచ్చ బెల్టులు నాలుగు చాలు, చెట్టుకు రెండు చొప్పున. ఒక్కొక్కటి కట్టే చోటి చుట్టుకొలతకు కనీసం రెట్టింపు పొడవు ఉండాలి. వాటితోపాటు బరువు పరిమితి అచ్చు వేసి ఉన్న 2 టన్నుల విల్లు ఆకారపు షాకిళ్లు (అడ్డంగా పిన్ను బిగించి మూసే ఇనుప కొండీలు), తాడు కన్నులో పెట్టే లోహపు థింబుళ్లు, తాళ్లన్నీ కలిసే రింగుగా, అతుకు లేకుండా సాగగొట్టిన 2 టన్నుల మాస్టర్ లింక్ ఒకటి కావాలి. రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో ఇవన్నీ దొరుకుతాయి. బరువు అంకె అచ్చు వేయని షాకిల్‌ను, అది ఎంత లావుగా ఉన్నా, ఎంత చవకగా వచ్చినా కొనవద్దు. తలుపులకూ గేట్లకూ వాడే కొక్కేలు ఈ పనికి ఎంతమాత్రం పనికిరావు.

చెట్టెక్కి కట్టడం

26 అడుగుల ఎత్తున చేసే పని ఇది. నడుముకూ తొడలకూ పట్టీలున్న హార్నెస్ లేకుండా ఎవరినీ ఎక్కనివ్వకండి, డబ్బులిచ్చి పిలిపించినవారినైనా సరే. గీత కార్మికులు తాటిచెట్ల మీది నుంచి పడకుండా ఉండటానికి 2024 జూలైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం కిట్లను అందించడం మొదలుపెట్టింది. తరతరాలుగా మోకు, ముత్తాదులతో రోజూ చెట్లెక్కేవారికే అది అవసరమైనప్పుడు, ఏడాదికొకసారి ఎక్కే మనకు అవసరం లేదనుకోవడం తగదు. తాటిచెట్టు ఎక్కే నేర్పు వేరు, కొమ్మలున్న చెట్టు ఎక్కే నేర్పు వేరు అన్న సంగతి కూడా గుర్తుంచుకుని, పెద్ద చెట్ల కొమ్మలు కత్తిరించే పని తెలిసినవారిని పిలిపించడం మేలు.

బెల్టును బోదె చుట్టూ, బలమైన పంగకు సరిగ్గా పైన వేయాలి. అలా వేస్తే అది కిందికి జారదు. ముందు ఆ చోట రెండు పొరల గోనె సంచి చుట్టి, దాని మీద బెల్టు వేయాలి. బెల్టును ఉచ్చులాగా బిగించకుండా, బోదెను వెనక నుంచి కౌగిలించుకున్నట్టు వేసి, రెండు కన్నులనూ ముందు వైపున ఒకే షాకిల్‌లోకి తేవాలి. షాకిల్ పిన్ను కదలని బెల్టు వైపు, వంపు భాగం కదిలే తాడు వైపు ఉండాలి. ఇది తలకిందులైతే ఊగిన ప్రతిసారీ తాడు పిన్నును కొద్దికొద్దిగా తిప్పి, కొన్నాళ్లకు ఊడదీస్తుంది. పిన్ను పూర్తిగా బిగించాక దాని కన్నులో నుంచి ఇనుప తీగ దూర్చి మెలిపెట్టాలి. రెండో బెల్టును మొదటిదానికి అడుగు పైన, వేరే షాకిల్‌తో వేసి, దానికి కట్టే రెండో తాడును రెండు మూడు అంగుళాలు వదులుగా ఉంచాలి. మొదటిది తెగినప్పుడు మాత్రమే అది భారం అందుకుంటుంది. రెండు చెట్ల మీదా కట్టిన ఎత్తు సమానంగా ఉండాలి. నేల ఒక పక్కకు వాలి ఉంటుంది కనుక నేల నుంచి కొలిస్తే మోసపోతాం. మేస్త్రీలు వాడే నీటి గొట్టంతో మట్టం చూసుకోవాలి.

ముడి విషయంలో ఎనిమిది అంకె ముడిని మించినది నాకు కనిపించలేదు. తాడు మీద వదులుగా ఎనిమిది అంకె వేసి, కొసను థింబుల్ చుట్టూ తిప్పి, వచ్చిన దారినే ఆ అంకె వెంబడి జంటగా వెనక్కి నడిపించాలి. ముడి అంతటా రెండేసి పోగులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా పక్కపక్కన నడవాలి, కొస కనీసం జానెడు మిగలాలి. ఈ ముడి గొప్పతనం ఏమిటంటే, తప్పు వేస్తే చూడగానే తెలిసిపోతుంది. జారుముడి ఎక్కడా వేయకూడదు.

పీటకు ఒకటిన్నర అంగుళం మందమున్న టేకు చెక్క చాలు. దాని అంచులన్నీ గుండ్రంగా చిత్రిక పట్టించాలి. రెండు కొసలకు ముందొకటి వెనకొకటి రంధ్రాలు వేసి, ఒక పక్క తాడు పీట అడుగు నుంచి వెళ్లి రెండో పక్కకు వచ్చేలా దూర్చాలి. అప్పుడు చెక్క పగిలినా కూర్చున్నవారి కింద తాడు ఉంటుంది. పీటకు బదులు పాత టైరు కట్టేవారు దాని అడుగున రంధ్రాలు పెట్టాలి, లేకపోతే వాన నీళ్లు నిలిచి డెంగీ దోమలకు ఇల్లవుతుంది.

ఊగే దారి, బరువు పరీక్ష

45 డిగ్రీల ఊపులో పీట ముందుకు 17 అడుగులు, వెనక్కి 17 అడుగులు వెళ్లి నేల నుంచి 9 అడుగుల ఎత్తుకు లేస్తుంది. ముందూ వెనకా 17 అడుగుల దగ్గర పక్కగా పొడవాటి వెదురు గడలు పాతి ఎర్ర గుడ్డ కట్టండి; పీట ఆ గడను దాటబోతే తోయడం ఆపాలి. ముందూ వెనకా 30 అడుగుల మేర రాయి, మోడు, కంచె, గోడ ఏదీ ఉండకూడదు. దారి పొడవునా ఇసుక పోయడం మంచిదే, అయితే దాని మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోకూడదు. 9 అంగుళాల మందాన పోసిన ఇసుక సుమారు 4 అడుగుల ఎత్తు నుంచి పడినవారికి మాత్రమే రక్షణ ఇస్తుంది. 9 అడుగుల నుంచి పడేవారికి అది చాలదు.

మొదట ఎక్కేది ఇసుక బస్తాలే కావాలి. తూకం వేసిన 50 కిలోల బస్తాలు ఐదు పీటకు కట్టి రాత్రంతా వదిలివేయండి. ఉదయం వచ్చి ముడులు ఎంత బిగుసుకున్నాయో, పీట ఎంత దిగిందో, బెల్టులు జరిగాయో లేదో, చెట్టు మొదట్లో మట్టి కదిలిందో లేదో చూడాలి. తరవాత రెండు బస్తాలు ఉంచి, పక్క నుంచి తాడుతో లాగి 45 డిగ్రీల దాకా ఓ యాభై సార్లు ఊపి, మళ్లీ పైకెక్కి చూడాలి. ముడులు బిగుసుకుని తాడు సాగిన తరవాతే పీట ఎత్తును 2 అడుగులకు సరిచేయాలి.

ఊగేటప్పుడు ఒకరే కూర్చోవాలి, నిలబడకూడదు, తాడును చేతికి చుట్టుకోకూడదు, పసిపిల్లలను ఒడిలో పెట్టుకోకూడదు. బండ మీది నుంచో నిచ్చెన మీది నుంచో దూకి ఊగాలన్న ఉబలాటం కుర్రవాళ్లకు తప్పక కలుగుతుంది. దాన్ని గట్టిగా ఆపండి. అలా దూకినప్పుడు తాడు ముందు వదులై, ఆపైన ఒక్క కుదుపుతో బిగుస్తుంది. మనం వేసుకున్న 250 కిలోల లెక్క ఆ కుదుపును దృష్టిలో పెట్టుకున్నది కాదు. ఖాళీ పీట ఊగుతూ తిరిగి వచ్చేటప్పుడు నాలుగైదేళ్ల పిల్లల ముఖానికి తగలవచ్చు కనుక, వరసలో ఉన్న పిల్లలను తాడు కట్టిన గీత వెనకే నిలబెట్టడానికి ఒక పెద్దమనిషిని ప్రత్యేకంగా నియమించాలి. ఉరుము వినిపించినా, కొమ్మలు ఊగేంత గాలి వీచినా ఆ రోజుకు ఉయ్యాల చాలు.

ప్రతి ఉదయం మొదటి మనిషి కూర్చునే ముందు, నిచ్చెన వేసి 13 అడుగుల ఎత్తున ఉన్న రింగును చేత్తో తడిమి, దుర్భిణి ఉంటే పై బెల్టులను చూడాలి. పదిహేను రోజులకొకసారి ఎవరైనా పైదాకా ఎక్కి తీరాలి. తాడు పురిని కొద్దిగా విప్పి లోపల చూస్తే తెల్లని పొడి రాలినా, పోగులు పెళుసుగా విరిగినా, ఒక్క చోట సన్నబడినా, గట్టిపడి మెరిసినా ఆ తాడు ఆయుష్షు తీరినట్టే.

అట్లతద్ది దసరా వెళ్లిన ఎనిమిది రోజులకు వస్తుంది. అప్పటికి వానలు దాదాపు వెనక్కి మళ్లి, కొమ్మల్లో నీటి బరువు తగ్గుతుంది. బతుకమ్మ పాటల్లో పాదం పాదానికీ వినిపించిన ఉయ్యాలో అన్న పలుకు పిల్లల చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంటుంది. మేము అప్పుడు కట్టి, ఫిబ్రవరి చివరన ఎండలు ముదరక ముందే బెల్టులతో సహా అన్నీ దింపేస్తాం. ఏడాది పొడవునా వదిలేస్తే బోదె లావై బెల్టు బెరడులోకి దిగుతుంది. దింపిన తాళ్లను మంచినీటితో కడిగి, నీడలో ఆరబెట్టి, కొన్న తేదీ రాసిన చీటీ కట్టి, ఎలుకలు చేరని డబ్బాలో పెట్టాలి. మూడేళ్లు నిండిన తాడు చూపుకు ఎంత బాగున్నా మా తోటలో మళ్లీ చెట్టెక్కదు. దాన్ని మూరెడేసి ముక్కలుగా కోసి పాదులకూ పందిళ్లకూ వాడతాం. పొడవుగా ఉంచితే ఎవరో ఒకరు తెలియక దానితో ఇంకో ఉయ్యాల కడతారు.